శాకంభరీ ప్రసాదము



ఆషాఢము ప్రవేశించినదనగా మా మడకశిర ప్రాంతమున ప్రతివాని చూపును ఆకాశముమీదనే నిలిచియుండును. కొండకోట మీదుగా మేఘములు సాగిపోవును గాని, మా చేలపై నిలిచి వర్షించుట అరుదు. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి వచ్చునప్పటికే తన నీటిని చాలవరకు అచ్చటనే విడిచివచ్చును. ఈశాన్య ఋతుపవనము మమ్ము చేరులోపల అలసిపోవును. అనంతపురము జిల్లాలోనుండిన మా ఊరు 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినది గాని వానలెక్క మారలేదు. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షమే ఈ పీఠభూమి భాగ్యము. మా సీమ వాడుకలో మడక యనగా నాగలి. ఊరి పేరు పుట్టుక యేదైనను, ఆ మాట చెవినిబడగనే నాకు వానకై ఎదురుచూచు నాగలియే స్ఫురించును.

ఇట్టి కరువుసీమలో నివసించువాడు జగన్మాతను ఏ రూపమున ధ్యానింపవలెను? ధనలక్ష్మిగానా? రాజరాజేశ్వరిగానా? అన్ని రూపములును ఆమెవే. అయినను కరువు కొరకే ఆమె ధరించిన రూపమొకటి కలదు. అదియే శాకంభరి. ఆ తల్లి మనకు పెట్టిన ప్రసాదమును మనము ఎట్లు మరచితిమో, మరల ఎట్లు గ్రహింపవలెనో ఈ మాసమున విన్నవించుకొందును.

మార్కండేయ పురాణాంతర్గతమైన దేవీమాహాత్మ్యమున, శుంభనిశుంభుల వధ ముగిసిన పిమ్మట దేవతలు స్తుతింపగా, అమ్మవారు తన రాబోవు అవతారములను సెలవిచ్చును. నూరేండ్లు వానలేక భూమి నీరెండిపోయినపుడు, మునుల ప్రార్థన నాలకించి తాను అయోనిజగా అవతరింతుననియు, నూరు కన్నులతో వారిని చూచి శతాక్షి యనిపించుకొందుననియు, పిదప వాన కురియు పర్యంతము తన దేహమునుండి పుట్టిన శాకములతో లోకమునెల్ల పోషించి శాకంభరిగా ఖ్యాతిగాంతుననియు ఆమె వాగ్దానము. దేవీభాగవతమున ఈ కథ మరింత విస్తరింపబడినది. అందు తల్లి కన్నీరే తొమ్మిది రాత్రులు వర్షమై కురిసినది.

ఈ కథలో మూడు విశేషములు గమనింపదగియున్నవి. మొదటిది, కరువులో అల్లాడు బిడ్డలకు తల్లి బంగారము నీయలేదు. తన మేనినుండి కూరలను పుట్టించి యిచ్చినది. శాకము పేదవాని తిండి యని ఈసడించువాడు తల్లి మేనినే ఈసడించినవాడగును. రెండవది, ఆమె యిచ్చినది ఒక్క శాకము గాదు, శాకములు. మన వైద్యగ్రంథమైన భావప్రకాశము శాకమును ఆరు విధములుగా విభజించినది. ఆకు, పువ్వు, కాయ, కాడ, దుంప, పుట్టగొడుగు వంటి సంస్వేదజములు. కావున శాకమనగా ఆకుకూర మాత్రమే కాదు. భూమి ఇచ్చు నానావర్ణముల వైవిధ్యమంతయు ఆ మాటలో ఇమిడియున్నది. మూడవది, ఆమె మొదట శతాక్షి, పిదప శాకంభరి. కన్నులకును కూరలకును గల ఈ సంబంధము నాకు పుస్తకమువలన గాక, బాల్యమున నా దేహమువలననే తెలిసినది. అది చెప్పెదను.

నాకప్పుడు పదునొకండేండ్లు. 1970 ప్రాంతము. ఒక పాఠశాలలో సంస్కృతము చదువుకొనుచుంటిని. అవి కరువు సంవత్సరములు. దాతలు బియ్యమిచ్చిరి, కొంత పప్పు ఇచ్చిరి. కూరగాయలు ఎవరు తెచ్చి ఇత్తురు? రెండు పూటలును తెల్లని అన్నము, పలుచని చారు, నీళ్ల మజ్జిగ. అదే మాకు పరమాన్నము. కొన్ని మాసములు గడచునప్పటికి, ప్రొద్దు గ్రుంకగనే నాకు మెట్లు కానరాకుండెను. దీపము ముందు కూర్చుండినను అక్షరములు మసకలుగా తోచెను. ఒకనాటి సాయంకాలము గురువుగారి సంధ్యావందన పాత్రను కాలదన్నితిని. వారు దానిని నా పొగరుగా భావించి నన్ను గోడవైపు నిలువబెట్టిరి. నేను ఏడ్చుచుంటినిగాని, నాకేమైనదో చెప్పుకొనుట నాకు తెలియదు.

వంట చేయు వృద్ధురాలు అది చూచినది. ఆమెను మేమందరమును అవ్వ యని పిలిచెడివారము. ఆమెకు అక్షరము రాదు. గురువుగారి యెదుటికి వచ్చి, చేతులు జోడించి, "పిల్లోడు పొగరుబోతు కాడు స్వామీ! వీనికి రేచీకటి పట్టింది. కూరాకు లేని కూడు తిని కండ్లు మసకబారినాయి. నాకు వదిలిపెట్టండి" అన్నది. మరునాటినుండి పెరటి మునగచెట్టు ఆకు, అవిసె ఆకు, ఎవరినో అడిగి తెచ్చిన గుమ్మడిముక్కలు మా విస్తరులలోనికి వచ్చినవి. కొంచెము నూనె, కొంచెము వేరుసెనగపొడి వేసి ఆమె వండెడిది. నెల తిరుగకముందే నాకు రాత్రివేళ నక్షత్రములు కనబడినవి. గురువుగారు నన్ను దగ్గరకు తీసికొని, "నాయనా, ద్వాదశి పారణకు అవిసె, ఉసిరిక ఎందుకు విధించిరో నేను మీకు చెప్పితిని గాని, నేనే మరచితిని" అనిరి. ఆ మాట చెప్పుటకు ఎంత పెద్దమనసు కావలెనో ఇప్పుడు నాకు తెలియుచున్నది.

అవ్వ చేసినదాని వెనుకనున్న శాస్త్రము నాకు చాలకాలమునకు తెలిసినది. కూనూరులో 1918లో మెక్‌కారిసన్ అను వైద్యుడు ప్రారంభించిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా ప్రసిద్ధికెక్కినది. ఎ విటమిను లోపమువలన పసివారు రేచీకటితో మొదలిడి క్రమముగా చూపునే కోల్పోవుదురనియు, దానిని నివారింపవచ్చుననియు అచ్చటి శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆ పరిశోధన ఆధారముగానే 1970లో పిల్లలకు ఎ విటమిను ద్రావణమును నోటిలో పోయు జాతీయ కార్యక్రమము ప్రారంభమైనది. నాకు చూపు మసకబారిన కాలమును అదియే! ఆ మందు మా పాఠశాలకు రాకముందే అవ్వ వచ్చినది.

గుమ్మడికిని, మామిడికిని, బొప్పాయికిని పసుపుదాళువునిచ్చు కెరోటిన్ అను పదార్థమును మన దేహము ఎ విటమినుగా మార్చుకొనును. మునగాకు, తోటకూరలలో ఆ పసుపు పుష్కలముగా నున్నను, పచ్చదనము దానిని కప్పివేయుటచే మన కంటికి కనబడదు. కొంచెము నూనె చేరినగాని అది ఒంటికి పట్టదు. అవ్వకు కెరోటిన్ పేరు తెలియకపోయినను నూనెచుక్క సంగతి తెలియును. అట్లే కలింగరపండునకు ఎరుపునిచ్చునది వేరు, నేరేడునకు నల్లని ఊదారంగు నిచ్చునది వేరు. ప్రతి వర్ణమును ఒక్కొక్క పోషకద్రవ్యమునకు గుర్తు. ఒక్క రంగు కూరయే నిత్యము తినువానికి ఒక్క కోవ పోషణమే లభించును. అనేక వర్ణములు తినువానికి ఒకదాని కొరతను మరొకటి తీర్చును.

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతునకు తత్త్వమును బోధించుచు, వర్ణములతోనే ప్రారంభించును. అగ్నియందలి ఎరుపు తేజస్సుయొక్క రూపము, తెలుపు జలముయొక్క రూపము, నలుపు అన్నముయొక్క రూపము అని చెప్పును. భుజించిన అన్నములోని అత్యంత సూక్ష్మభాగమే మనస్సగునని బోధించి, దానిని ఋజువు చేయుటకు పదునైదు దినములు అన్నము మాని నీరు మాత్రము త్రాగుమని కుమారుని ఆజ్ఞాపించును. అటుపిమ్మట వేదమును చెప్పుమనగా శ్వేతకేతునకు ఒక్క ఋక్కును స్ఫురింపలేదు. మరల భుజించినపిదప సర్వమును జ్ఞప్తికి వచ్చినది. ఉపనిషత్తు విటమినులను చెప్పినదని నేననను. అట్లనుట ఉపనిషత్తునకును గౌరవము కాదు, శాస్త్రమునకును గౌరవము కాదు. కాని, తినునది దేహముతో ఆగక బుద్ధివరకు పోవునన్న ఎరుక ఋషికి కలదు. విస్తరి సరిగా లేనిదే విద్య నిలువదన్నది ఆ తండ్రి కుమారునకు చూపిన ప్రయోగము.

ఇక మన విస్తరివైపు చూచుకొందము. నా చిన్ననాట ఈ ప్రాంతపు చేనిలో ఒక్క పైరు ఉండెడిది కాదు. రాగితో అనపసాలు, కందిసాలు, నడుమ అలసంద, గట్టున ఆముదము, గోగు. ఒక పైరు ఎండినను మరొకటి చేతికి వచ్చెడిది. ఇంట రాగిసంగటి ముద్ద, ప్రక్కన కన్నడసీమ వారితో మనము పంచుకొన్న బస్సారు, మస్సొప్పు. ఆకును, పప్పును ఉడికించి, ఆ నీటిని పారబోయక సారుగా కాచుకొనుట ఎంతటి వివేకము! తరువాత లక్షల హెక్టార్లలో వేరుసెనగ ఒక్కటే పంటయైనది. సాలుపంటలు తగ్గినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. ఆ బియ్యము ఎందరి ఆకలినో తీర్చినది. అన్నమును నిందింపరాదన్నది శ్రుతి ఆజ్ఞ, నేను నిందించుట లేదు. కాని ఆకలి తీర్చుకొనుటకు వచ్చిన తెల్లని అన్నము విస్తరినంతయు ఆక్రమించుకొన్నది. రాగిముద్ద బీదతనమునకును, తెల్లన్నము గౌరవమునకును గుర్తులైనవి. గట్టున మొలచిన ఆకు కోయుట నామోషీ అయినది.

ఇతరులను ఏల అనవలెను? నా ఇంటి సంగతియే చెప్పెదను. ప్రతి ఆషాఢమునను శాకంభరీ మహిమను ప్రవచనము చేసినవాడను నేను. కొన్నేండ్ల క్రిందట నా మనుమరాలు, పదమూడేండ్ల బాలిక, గుడిలో అభిషేకము జరుగుచుండగా కండ్లు తిరిగి పడిపోయినది. కొంతకాలముగా, "తాతయ్యా, చదివినది గుర్తుండుట లేదు" అని ఆ బిడ్డ చెప్పుచునే యున్నది. నేను అశ్రద్ధగా చదువుచున్నావని మందలించుచుంటిని. వైద్యురాలు పరీక్షించి రక్తము తక్కువగా నున్నదని చెప్పి, "స్వామీ, పాప రోజూ ఏమి తింటుంది?" అని అడిగినది. "మాది సాత్త్వికాహారము తల్లీ! అన్నము, చారు, పెరుగు, అప్పడము" అని నేను కొంత గర్వముగనే చెప్పితిని. ఆమె నవ్వక, నొచ్చుకొనక, "శాకాహారులు కదా స్వామీ, మరి శాకమేది?" అన్నది.

నేను తల వంచుకొంటిని. శాకాహారులమని చెప్పుకొందుము. ఆ మాటలో శాకమున్నది, విస్తరిలో లేదు! చిన్ననాడు నా కన్నుల నిలిపిన అవ్వను, ఆమె మునగాకును నేను మరచితిని. గురువుగారు నన్ను గోడవైపు నిలువబెట్టినట్లే నేనును ఆ బిడ్డను మందలించితిని. ఆమె దోషము కానిదానిని ఆమె దోషమనుకొంటిని. ఈ దుఃస్థితి మా యింటికే పరిమితము గాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, మన దేశమున 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 58.8. గృహలక్ష్మి యని పూజింపబడు ఇల్లాండ్రలో సగమునకు మించినవారు పాలిపోయియుండగా మనము లక్ష్మీపూజ చేయుచున్నాము.

మా మనుమరాలికి వైద్యురాలు ఇనుపధాతువు మాత్రలిచ్చినది. వానిని మానక వాడితిమి. కూరాకుతోనే సర్వమును నయమగునని మందును మానుట అవివేకము. మందుతోబాటు విస్తరియు మారినది. తోటకూరపప్పుపై నిమ్మరసము పిండుట, వారమునకు కొన్ని దినములు రాగిసంగటి, సాయంకాలమొక జామపండు. నిమ్మ, ఉసిరిక, జామలలోని పులుపుసారము, అనగా సి విటమిను, ఆకులోని ఇనుపధాతువును దేహము గ్రహించుటకు తోడ్పడును. భోజనమైన వెంటనే కాఫీ, టీలు త్రాగుట దానికి అడ్డు. కొన్ని మాసములలో ఆ బిడ్డ ముఖమున కళ వచ్చినది. అమరకోశము మరల ఆమె నోట నిలిచినది.

ఆకు మహిమను లోకమునకు చాటిన వారిలో మన తెలుగువాడొకడు గలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తన సోదరులిద్దరిని స్ప్రూ అను గ్రహణివ్యాధికి కోల్పోయి, తానును ఆ వ్యాధిచే పీడింపబడెను. పిదప అమెరికా చేరి, ఆయన నాయకత్వమున పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిరి. ఆ ద్రవ్యము స్ప్రూనకును, ఒక విధమైన రక్తహీనతకును ఔషధమైనది. ఆ పేరు లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుండి వచ్చినది. ఏలయన, అంతకు ముందు 1941లో దానిని పాలకూర ఆకులనుండి వేరుచేసి పేరు పెట్టిరి. గర్భిణీస్త్రీలకు ఆసుపత్రులలో నేడు ఇచ్చు మాత్రలలో ఇనుపధాతువుతోబాటు అదియు ఉండును. ఆకు ఎంత చిన్నది, దాని ఉపకారమెంత పెద్దది!

ఇచ్చట ఒక ఆక్షేపణ వినబడును. "అయ్యవారూ, కరువుసీమవారికి రంగురంగుల పండ్లెక్కడివి? ఆపిలుపండ్లు కొనగలమా?" అని. ఆపిలు మన తల్లి మనకు విధించిన పండు గాదు. ఆమె ఏ సీమకు ఏది తగునో అదే పుట్టించినది. తొలకరి పడగనే విత్తకయే గురుగాకు, చెంచలాకు, గంగపాయలాకు, పొన్నగంటి మొలచును. ఆషాఢమున నేరేడు, ఆశ్వయుజమున సీతాఫలము, కార్తికమున ఉసిరిక. మార్గశిర పుష్యములలో అనపకాయలు, వానితో మన ఇండ్ల పితికిపప్పు. సంక్రాంతికి గుమ్మడి, రేగుపండ్లు. వసంతమున చింతచిగురు, మామిడి. వేసవిలో కలింగర. మునగ, కరివేపాకు ఏడాది పొడవునను ఉండును. కరువునకు వెరవక నిలుచు చెట్లివి. అనంతపురపు నేలలో చీని, దానిమ్మ, అరటి పండించి దూరదేశములకు పంపుచున్నాము. పండును లారీకెక్కించి, ఇంటి పిల్లవాని చేతికి బిస్కెట్ల పొట్లము కొనియిచ్చుట ఏమి న్యాయము? పదింట ఒక పాలు ఇంటికుంచుకొనిన రైతు నష్టపోడు.

ఎంత తినవలెనని అడుగువారికి, జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములలో ఆకుకూరలతో కూడి దినమునకు 400 గ్రాముల కూరలు, 100 గ్రాముల పండ్లు చెప్పబడినవి. తక్కెడ పట్టుకొని కూర్చుండనక్కరలేదు. విస్తరిలో సగము కూరలు, పండ్లు ఉండవలెనని జ్ఞాపకముంచుకొనిన చాలును. నేటి రంగు నిన్నటిది కారాదన్నది రెండవ నియమము. గట్టు ఆకులను ఎరిగిన పెద్దలతో కలిసి గుర్తుపట్టి కోయవలెను. మందు చల్లిన చేనిది కోయరాదు. బాగుగా కడిగి, ఎక్కువ సేపు ఉడికింపక, ఉడికిన నీటిని పారబోయక వండవలెను. మధుమేహము, మూత్రపిండవ్యాధి కలవారు వైద్యుని అడిగి తమకు తగినవి ఎంచుకొందురు గాక.

మహాభారతమున యక్షుడు ధర్మరాజును ఎవడు సుఖి యని అడుగును. సింహాసనము ఎక్కవలసిన ఆ రాజు ఏమి చెప్పెను? అప్పు లేనివాడై, పరదేశవాసము లేనివాడై, ఎంత ఆలస్యముగనైనను తన యింట తాను శాకము వండుకొనువాడే సుఖి యని చెప్పెను. మా సీమవారికి ఈ సమాధానము ఎంత దగ్గరిదో చూడుడు! బోరుబావికై అప్పు, అప్పు తీర్చుటకు బెంగుళూరికి వలస. ధర్మరాజు చెప్పిన మూడింటిలో మొదటి రెండును మన చేతిలో ఎల్లప్పుడును ఉండవు. మూడవది మాత్రము పెరటి మునగకొమ్మంత దూరములో నున్నది. అడవిలో నున్నపుడు ద్రౌపది అక్షయపాత్రకు అంటిన శాకలేశమును స్వీకరించియే కదా శ్రీకృష్ణుడు లోకమునకెల్ల తృప్తి కలిగించినది!

విజయవాడ ఇంద్రకీలాద్రిపై ఆషాఢమున కనకదుర్గమ్మను కూరలతో, పండ్లతో అలంకరించి శాకంభరీ ఉత్సవము జరుపుదురు. కన్నడసీమ బాదామిలోని బనశంకరీదేవిని శాకంభరిగా కొలిచి, పుష్యమాసోత్సవములో నూట ఎనిమిది విధముల కూరలు నివేదించు సంప్రదాయము కలదు. అమ్మవారి మెడలోని ఎర్రని, పచ్చని, ఊదారంగు మాలలను చూచి కన్నుల కద్దుకొని, ఇంటికి వచ్చి తెల్లని విస్తరి ముందు కూర్చుండుట భక్తికి పూర్ణత్వము కాదు. నివేదించినది స్వీకరించినపుడే ప్రసాదమగును.

కావున భక్తులకు నా విన్నపము. ఈ ఆషాఢమున ప్రతి గుడి ఆవరణలోను, ప్రతి పెరటిలోను ఒక మునగకొమ్మ నాటుడు. స్నానపు నీరు దానికి చాలును. శుక్రవారము అమ్మవారికి చేయు నైవేద్యములో ఋతువునకు తగిన ఒక శాకము, ఒక పండు చేర్చుడు. వండిన ఆ కూరను ఇంటి ఆడువారు చివరకు మిగిలినది తినుట గాక, మొదట వారికే వడ్డింపుడు. పాలిపోయియున్నది వారే గనుక. చదువు నిలువదని పిల్లవానిని దండించుటకు ముందు వాని విస్తరిని ఒకమారు చూడుడు.

మా అవ్వ పరమపదించి చాలకాలమైనది. ఆమెకు శాకంభరీ కథ తెలియునో లేదో నేనెన్నడును అడుగలేదు. కాని నూరు కన్నుల తల్లి ఒక బాలుని మసకబారిన రెండు కన్నులను చూచుటకు వంటయింటి వాకిటినుండి వచ్చినదని మాత్రము నేను నమ్ముచున్నాను. వాన వచ్చువరకు బిడ్డలను పోషింతునన్న ఆ తల్లి మాట తప్పలేదు. ఆమె పెట్టినది గట్టుమీద మొలచియున్నది. దానిని విస్తరిలోనికి తెచ్చుకొనుట మన వంతు.

శాకంభరీ మాత ఈ ఎండుసీమను పచ్చగ చేయుగాక! మన బిడ్డల కన్నులను వెలుగుతోను, ముఖములను కళతోను నింపుగాక!

స్వస్తి.